అవశేషం, శేషం, శిథిలం, శకలం, ధాతువు: ఏది ఎక్కడ రాయాలి?

అక్షరసేద్యం:
ఒక బౌద్ధ క్షేత్రం దగ్గర పెట్టబోయే సమాచార ఫలకానికి తెలుగు పాఠం తయారవుతోంది. ముసాయిదాలో ప్రతిదానికీ ‘అవశేషాలు’ అనే రాశారు. కూలిన ఇటుక కట్టడం అవశేషం, పగిలిన పాలరాతి పలకలు అవశేషాలు, పేటికలో దొరికిన ఎముక ముక్క కూడా అవశేషమే. చదివేవారికి ఏ వాక్యం దేని గురించో తెలియడం లేదు.

మూడు సంగతులు తేలాలి. ‘అవశేషం’ అసలు అర్థం ఏమిటి, ముందున్న ‘అవ’కు చెడు అనే అర్థం ఉందా? ఈ మూడు వస్తువులకు మూడు మాటలు ఏవి? ముసాయిదాలో అవశేశం, అవషేశం, అవశేషం అని మూడు రకాలుగా ఉంది, ఏది సరి?

వ్యాకరణదీపిక:
చివరి ప్రశ్నకు ముందు జవాబు: అవశేషం. తాలవ్య శకారం ముందు, మూర్ధన్య షకారం తర్వాత. దీని ధాతువు, అంటే వ్యాకరణంలో మాటకు మూలం, ‘శిష్’; అందులోని వరుసే దాని నుంచి పుట్టిన ప్రతి మాటలోనూ ఉంటుంది. శేషం, విశేషం, శిష్టం, పరిశిష్టం, అన్నిట్లోనూ అంతే. ‘విశేషం’ సరిగ్గా రాయగలిగినవారు ‘అవశేషం’ తప్పు రాయనక్కర్లేదు.

ఇక అర్థం. పాణినీయ ధాతుపాఠంలో, అంటే సంస్కృత ధాతువుల పట్టికలో, చురాది అనే వర్గంలో ‘శిష అసర్వోపయోగే’ అని ఉంది. అసర్వోపయోగం అంటే ఉన్నదంతా వాడేయకపోవడం. ‘మిగలడం’ అనకుండా ‘మొత్తం ఖర్చు కాకపోవడం’ అన్నారు. దీన్ని గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే శేషం అన్నప్పుడల్లా దాని వెనక ఒక పని జరిగి ఉండాలి. తినడమో, కాలడమో, పంచడమో, కూలడమో. ఏ పనీ జరగకుండా శేషం ఉండదు.

ఆ వెంటనే ‘విపూర్వోఽతిశయే’ అని ఉంటుంది. ముందు ‘వి’ చేరితే అధికం అనే అర్థం. విశేషం అక్కడి నుంచి వచ్చింది. శిష్‌కు నామవాచకాన్ని చేసే ఘఞ్ అనే ప్రత్యయం చేరి, ఇకారానికి గుణం వచ్చి ఏకారమైతే ‘శేష’ అవుతుంది. దాని ముందు ‘అవ’ చేరింది.

‘అవ’ అంటే చెడు అనుకోవడం అవమానం, అవలక్షణం, అవగుణం లాంటి మాటల వల్ల. దాని మూలార్థం కిందికి, విడిగా. అవతారం, అవరోహణ, అవగాహన, వీటిలో చెడు ఎక్కడుంది? అవశేషం అంటే తక్కినదంతా పోయాక విడిగా, అడుగున నిలిచింది.

నిఘంటుప్రియ:
దీపిక గారు చెప్పిన ‘అసర్వోపయోగం’తో చూస్తే పత్రికల్లో రోజూ కనిపించే మాటలు చాలా తేటపడతాయి.

‘అశేష జనవాహిని’లో అశేషం అంటే ‘చాలా’ అని అనుకుంటారు. అ+శేషం, అంటే మిగలకుండా అందరూ. ‘అశేష ప్రజల్లో కొందరు’ అని రాస్తే ఆ వాక్యం తనను తానే కొట్టేసుకుంటుంది.

ధారావాహికల చివర వేసే ‘సశేషం’ స+శేషం, శేషంతో కూడినది. ఇంకా ఉంది అని భావం. ఆఖరి భాగానికి పొరపాటున సశేషం పడితే పాఠకుడు వచ్చే వారం కోసం ఎదురుచూస్తాడు, అక్కడ ‘సమాప్తం’ ఉండాలి.

‘నిశ్శేషం’లో శకారం కింద శకారమే. నిః+శేషం, విసర్గ శకారంగా మారింది. నిశ్చేషం, నిశ్సేషం రెండూ తప్పు.

‘పరిశిష్టం’ పుస్తకం చివర చేర్చేది. ముఖ్య గ్రంథంలో ఇమడక మిగిలిన విషయం.

‘కీర్తిశేషులు’ బహువ్రీహి సమాసం: కీర్తి మాత్రమే శేషంగా గలవారు. అందుకే మరణించినవారికే వాడతాం. శుభలేఖల్లో, శిలాఫలకాల మీద ‘కీ.శే.’ అని పొట్టిగా వేస్తారు. అక్కడ రెండు చుక్కలూ ఉండాలి.

బాకీ, బకాయి కూడా మిగిలిన వస్తువులే. రెండూ అరబీ నుంచి, పర్షియన్ దర్బారు లెక్కల మీదుగా మన రెవెన్యూ దఫ్తరాల్లోకి వచ్చాయి. ‘బాఖీ’ అంటే మిగిలినది, ‘బఖాయా’ దానికి దగ్గరి బహువచన రూపం. శిస్తు కట్టగా మిగిలినది కాబట్టి బకాయి. ‘రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదు’ అనే పాత మాటలో రుణశేషం అంటే ఆ బాకీయే.

పలకాబలపం:
శిష్యుడు, శిష్టాచారం కూడా ఈ ధాతువు నుంచేనా? గురువు దగ్గర చివరిదాకా మిగిలేవాడు శిష్యుడు అని ఒక వ్యాసంలో ఉంది.

వ్యాకరణదీపిక:
కాదు. శిష్యుడు ‘శాస్’ ధాతువు నుంచి వచ్చాడు, శాసించదగినవాడు, బోధించదగినవాడు. శాసనం, శాస్త్రం ఆ కుటుంబానివి. శాస్‌లోని ఆకారం కొన్ని ప్రత్యయాల ముందు ఇకారంగా మారి, సకారం షకారమవుతుంది. దాంతో రెండు ధాతువులూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

‘శిష్ట’ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రెండు ధాతువుల నుంచీ అదే రూపం వస్తుంది. శిష్టాచారంలో, శిష్టవ్యవహారంలో ఉన్నది శాస్, అంటే శిక్షణ పొందినవారు. భగవద్గీత మూడో అధ్యాయం 13వ శ్లోకంలోని ‘యజ్ఞశిష్టాశినః’లో ఉన్నది శిష్, అంటే యజ్ఞం చేయగా మిగిలినది తినేవారు. అక్కడ ‘శిష్టులు’ అని అర్థం రాసిన అనువాదం కనిపిస్తే పక్కన పెట్టండి.

ఆదిశేషుడి పేరు మాత్రం ఈ ధాతువుదే. ప్రళయంలో లోకాలన్నీ లయమయ్యాక మిగిలేవాడు శేషుడు. భాగవతం దశమ స్కంధంలో దేవకి చేసే స్తుతిలో ఈ పేరుకు ఈ అర్థమే పలుకుతుంది. పోయినవాటి తాలూకు ముక్కగా కాక, మళ్లీ సృష్టికి ఆధారంగా నిలిచేదిగా శేషాన్ని చూడటం అక్కడి గొప్పతనం. తిరుమలలో స్వామికి అలంకరించిన వస్త్రాన్ని ‘శేషవస్త్రం’ అని గౌరవంగా ఇస్తారే, అందులోనూ శేషం తక్కువైన వస్తువు కాదు.

శాసనపాఠి:
పేటికలోని ఎముక ముక్క దగ్గరికి వద్దాం. దానికి ఈ నేల మీదే రెండు వేల ఏళ్ల కిందటి మాట ఉంది, ఫలకం మీద అదే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

భట్టిప్రోలు స్తూపంలో 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే తవ్వకంలో రాతి పేటికలు దొరికాయి. వాటి అంచుల మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలున్నాయి. ఒక శాసనంలో కుర అనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు, శివ అనే మరొకరు కలిసి ‘మజూస’, ‘ఫాలిగసముగ’ చేయించారని ఉంది. ఎందుకంటే ‘బుధసరీరానం నిఖేతు’. విడదీస్తే ఇలా ఉంటుంది: మజూస అంటే మంజూష, పెట్టె. ఫాలిగ అంటే స్ఫటికం. సముగ అంటే సముద్గకం, మూత ఉన్న చిన్న భరిణె. బుధసరీరానం అంటే బుద్ధ శరీరాల, నిఖేతు అంటే నిక్షేపించడానికి.

గమనించండి, ఒక్క ఎముక ముక్కను కూడా వాళ్లు ‘శరీరం’ అన్నారు. మిగిలిన ముక్క అనలేదు. ఆ చిన్న భాగంలో బుద్ధుడు మొత్తంగా ఉన్నాడన్నది వారి విశ్వాసం. శేష శబ్దం వాడితే ఆ విశ్వాసం తెలుగులో కనిపించకుండా పోతుంది.

కొన్ని శతాబ్దాల తర్వాత, ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ మహాచైత్యం ఆయక స్తంభాల (స్తూపం నాలుగు దిక్కుల అరుగుల మీద నిలిపే స్తంభాల) మీద ‘ధాతు’ కనిపిస్తుంది, ‘ధాతువరపరిగహిత’ అనే విశేషణంలో. ఇక్కడ ధాతువు అంటే వ్యాకరణపు మూలం కాదు, పూజనీయమైన శరీర భాగం. అక్కడ 1929లో తవ్వకాలు జరిపిన లాంగ్‌హర్స్ట్‌కు వెండి పేటికలో చిన్న బంగారు భరిణె, అందులో ఎముక ముక్క దొరికాయి. స్తూపంలో అది ఉండే చోటు ధాతుగర్భం. సింహళ భాషలో స్తూపాన్ని ‘దాగబ’ అంటారు, అది ధాతుగర్భం నుంచి వచ్చిందే.

కాబట్టి పేటికలోనిది ధాతువు. పేటిక ధాతుపేటిక లేదా ధాతుమంజూష. ఇంకోటి, ఫలకంలో ‘పాలరాతి పలకలు’ తీసేయండి. కృష్ణా లోయ స్తూపాలకు వాడింది పల్నాటి సున్నపురాయి. కొంచెం పచ్చదనం, తెలుపు కలిసి ఉండటం వల్ల పాత రచనల్లో పాలరాయి అని పడిపోయింది.

అక్షరసేద్యం:
సున్నపురాయి అని మార్చేశాం, కృతజ్ఞతలు. పలకలకు ‘శకలాలు’ సరిపోతుందా, ‘శిథిలాలు’ రాయాలా?

నిఘంటుప్రియ:
శకలం అంటే ముక్క, ఖండం. విడి వస్తువు, చేత్తో పట్టుకోగలిగేదో, తరలించగలిగేదో. కూలిన విమానం శకలాలు, ఉల్కా శకలం, పలక శకలం. ఇక్కడ ‘శ’ చాలా ముఖ్యం, సకలం అని పడితే అర్థం తలకిందులై ‘అంతా’ అవుతుంది. అచ్చులో ఈ తప్పు తరచూ దొర్లుతుంది, అక్షరదోషాలు వెతికే సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ ఉన్న మాటలే.

శిథిలం అంటే పట్టు సడలినది. మొదటి అర్థం వదులైనది అనే, ముక్క అని కాదు. గోడ కూర్పు వదిలి, ఇటుకలు ఊడి, కట్టడం తన చోటనే పాడుబడితే అది శిథిలమైంది. అందుకే శిథిల భవనం అంటాం, శిథిలావస్థ అంటాం, నిలబడి ఉన్నా సరే. భూకంపంలో ‘శిథిలాల కింద చిక్కుకున్నారు’ అనడం కూడా కూలిన కట్టడం కుప్ప గురించే. అక్షరం ‘థ’. శిధిలం అని వత్తు మార్చకూడదు.

కాబట్టి పలకల ముక్కలు శకలాలు, కట్టడం శిథిలం. పునాదుల వరుసలు, నేల మీద గుర్తుగా మిగిలిన గదుల హద్దులు అవశేషాలు.

మాగాణి:
వ్యవసాయ శాఖ కరపత్రాల్లో రెండు ‘అవశేషాలు’ ఉంటాయి: పంట అవశేషాలు, పురుగుమందు అవశేషాలు. రెండోదానికి వేరే మాట లేదు, అదే సరి. కూరగాయలో, ధాన్యంలో మిగిలిన మందు పరిమాణాన్ని కిలోకు మిల్లీగ్రాముల్లో లెక్కిస్తారు, అది ఎంతవరకు ఉండవచ్చో చెప్పే హద్దుకు ‘గరిష్ఠ అవశేష పరిమితి’ అని పేరు. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని మందు–పంట జతకు మన దేశంలో సాధారణంగా పాటించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. మందు డబ్బా మీద రాసిన విరామం, అంటే చివరి పిచికారీకీ కోతకూ మధ్య ఆగాల్సిన రోజులు, పాటించకపోతే ఈ పరిమితి దాటే ప్రమాదం ఉంది. ఇక్కడ ‘మిగులు’ అనకూడదు, మందు నిల్వ డబ్బాలో మిగిలిందేమో అనుకుంటారు.

మొదటిదానికి మాత్రం పొలంలో ఒక్క మాట లేదు, పది ఉన్నాయి. కరపత్రం రాసేవారు ‘పంట అవశేషాలను నేలలో కలియదున్నండి’ అంటే రైతు ఏది అని అడుగుతాడు. వరి కోశాక నేలలో నిలిచే మొదళ్లు కొయ్యకాళ్లు. కొడవలితో మొదటికంటా కోస్తే నాలుగు వేళ్ల ఎత్తు, యంత్రం కోస్తే జానెడుకు పైగా ఉంటాయి. కలియదున్నేవి ఇవి. నూర్చాక మిగిలేది గడ్డి, పశువులకు. తూర్పార పడితే ఎగిరిపోయేవి తాలు గింజలు. మరాడించినప్పుడు పై పొట్టు ఊక, లోపలి పొర తవుడు, విరిగిన గింజ నూక. కోసిన చేలో రాలిపడిన కంకులు పరిగె. పరిగె ఏరుకునే హక్కు పేదవాళ్లదని ఊళ్లలో వాడుక, అందుకే ఆ మాట విడిగా బతికింది.

గానుగలో నూనె తీశాక మిగిలేది చెక్క, నూనె అడుగున దిగేది మడ్డి. చెరకు ఆడాక పిప్పి, రసం కాస్తుంటే పైకి తేలేది తెట్టు.

దీపిక గారు ముందే అన్నారు, శేషం వెనక ఒక పని ఉండాలని. తెలుగు మాటలు ఆ పనిని తమలోనే చెప్పేస్తాయి. కోత, నూర్పు, గానుగ, కాచడం. ఏ పని జరిగాక మిగిలిందో తెలిస్తే సంస్కృతపు మూత వెయ్యకుండా ఆ మాటే వాడమని నా మనవి.

వ్యాకరణదీపిక:
ఒప్పుకుంటున్నా. ఒక్క చేర్పు: రసాయన శాస్త్రంలో ద్రావణం అడుగున చేరేది ‘అవక్షేపం’. దాన్ని అవశేషం అని రాస్తున్నారు, అది తప్పు. అవక్షేపంలో ఉన్నది ‘క్షిప్’, వేయడం. కిందికి వేయబడినది కాబట్టి అవక్షేపం, అవక్షేప శిలలు. శాసనపాఠి గారు చెప్పిన ‘నిఖేతు’లోనూ అదే క్షిప్ ఉంది. ద్రావణం మొత్తం ఆవిరయ్యాక గిన్నెలో మిగిలేదాన్ని మాత్రం అవశేషం అనవచ్చు.

మంజీరతీరం:
ఎంగిలి సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగులో మిగిలినదానికి అతి పాత మాటల్లో అదొకటి. తమిళంలో ‘ఎంజు’ అంటే మిగలడం, దాని నుంచి ‘ఎచ్చిల్’. కన్నడంలో ‘ఎంజలు’. మన ‘ఎంగిలి’ వాటి తోబుట్టువు. మొదటి అర్థం తినగా మిగిలినది, మైల అనే భావం తర్వాత చేరింది. సంస్కృతం ‘ఉచ్ఛిష్టం’ కూడా సరిగ్గా ఇదే దారి: ఉత్+శిష్టం, పైన మిగిలినది.

తెలంగాణలో భాద్రపద అమావాస్య నాడు మొదలయ్యే బతుకమ్మను ఎంగిలిపూల బతుకమ్మ అంటాం. పూలు ముందు రోజే కోసి నీళ్లలో వేసి దాచి, మర్నాడు పేరుస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. ఆ ఎంగిలిలో అసహ్యం లేదు.

ఉచ్ఛిష్టం రాసేటప్పుడు ఛకారానికి వత్తు తప్పనిసరి. త్ తర్వాత శ వస్తే చ్ఛ అవుతుంది, ఉత్+శ్వాసం ఉచ్ఛ్వాసం అయినట్టు. ఉచ్చారణలో వత్తు లేదు, ఎందుకంటే అక్కడ ఉత్+చారణ, శకారమే లేదు.

పలకాబలపం:
అయితే అచ్చ తెలుగులో ‘మిగులు’ వాడేసి అవశేషాన్ని పూర్తిగా వదిలేయవచ్చు కదా?

మాగాణి:
అన్నిచోట్లా కుదరదు. మిగులు, మిక్కిలి, మించు ఒకే వేరు. మిగలడం అంటే మొదట మించడం, అవసరానికి మించింది కాబట్టి మిగిలింది. అందుకే మిగులు అంటే రెండు అర్థాలొస్తాయి: పోగా ఉన్నది, అదనంగా ఉన్నది. మిగులు బడ్జెట్‌లో రెండోదే. 1973 భూపరిమితి చట్టం కింద తీసుకున్న మిగులు భూమిలోనూ రెండోదే, అంటే పరిమితికి మించిన భూమి.

కృష్ణా జలాల వ్యవహారంలో ఈ రెండర్థాలు కలిసిపోయి వార్తలు తప్పుతున్నాయి. ఆ నీళ్ల పంపకం తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్లు తప్పక వస్తాయనే అంచనాతో, 2060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఆ 2060కి పైన ఏ ఏడైనా వచ్చే నీళ్లు మిగులు జలాలు. అంటే లెక్కకు మించినవి. వాడుకోగా జలాశయంలో మిగిలిన నీళ్లు వేరు, వాటిని నిల్వ అనాలి. ‘మిగిలిన జలాలపై హక్కు’ అని శీర్షిక పెడితే వాదన మొత్తం మారిపోతుంది.

కూలిన స్తూపాన్ని మిగులు అనలేం. అక్కడ మించింది ఏదీ లేదు.

శాసనపాఠి:
కట్టడాలు పూర్తిగా మట్టిలో కలిసి గుట్టలా మిగిలిన చోటుకు కూడా మన వాళ్ల మాటలు ఉన్నాయి. దిబ్బ, దిన్నె, పాటి. అమరావతి స్తూపపు గుట్టను దీపాలదిన్నె అనేవారు. పాత ఊరు ఉండి పోయిన చోటు పాటిదిబ్బ, అక్కడి మట్టి పాటిమట్టి. అందులో బూడిద, పెంట, ఎముకలు కలిసి ఉంటాయి కాబట్టి రైతులు పొలాలకు తోలుకునేవారు. అలా తోలడం వల్ల పొరలు చెదిరి, ఏ కుండపెంకు ఏ కాలానిదో చెప్పలేని పరిస్థితి వచ్చింది. ఫలకం మీద ‘పాటిదిబ్బ’ అని రాస్తే ఊరివాళ్లకు వెంటనే తెలుస్తుంది, మట్టి తవ్వకూడదన్న హెచ్చరిక కూడా ఆ పక్కనే వేయవచ్చు.

అక్షరసేద్యం:
ఇప్పటికి పాఠం ఇలా మారింది, చూడండి:

‘ఇటుకలతో కట్టిన మహాస్తూపం శిథిలమైంది. దాని అండానికి (గుండ్రటి గుమ్మటానికి) తాపడం చేసిన సున్నపురాతి పలకల శకలాలు ప్రదర్శనశాలలో ఉన్నాయి. స్తూప గర్భంలోని రాతి పేటికలో ధాతువు లభించింది. తూర్పున విహారం గదుల పునాదుల మిగిలిన అవశేషాలు కనిపిస్తాయి. ఉత్తరాన ఉన్న పాటిదిబ్బ నుంచి మట్టి తవ్వరాదు.’

నిఘంటుప్రియ:
‘మిగిలిన అవశేషాలు’లో మిగిలిన తీసేయండి, అవశేషం అంటేనే మిగిలినది. ‘విహారం గదుల పునాదుల అవశేషాలు’లో షష్ఠులు, అంటే ‘యొక్క’ అర్థమిచ్చే రూపాలు, వరుసగా పడ్డాయి. ‘తూర్పున విహారపు గదుల పునాదులు అవశేషాలుగా కనిపిస్తాయి’ అంటే సాఫీగా ఉంటుంది.

శాసనపాఠి:
‘ధాతువు’ ఒక్కటే వేస్తే బడిపిల్లలు లోహమో ఖనిజమో అనుకుంటారు. వాళ్ల పాఠ్యపుస్తకంలో ధాతువు అంటే అది, తెలుగు వాచకంలో క్రియకు మూలం. మొదటిసారి వచ్చిన చోట ‘అస్థిధాతువు’ అని రాసి, పక్కనే ‘పూజనీయమైన ఎముక భాగం’ అని వివరించండి. తర్వాత ధాతువు అంటే చాలు. చెక్కేవారికి ఇచ్చే ప్రతిలో ‘స్థ’ కింద వత్తు స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి, ‘అస్తిధాతువు’ అని చెక్కితే రాయి మీద దిద్దడం కుదరదు.